టీవీకి తగిలించి ఆడుకునే పాత వీడియో గేమ్ కొనాలంటే ఏం చూడాలి

అట్ట మీద 10,000 గేమ్స్ అని పెద్ద అక్షరాలతో రాసుంటే ముందు ఆ నంబర్ మర్చిపోండి. కొనొద్దని కాదు, ఆ నంబర్ చూసి కొనొద్దని చెప్తున్నా. మన చిన్నప్పుడు సమురాయ్, లిటిల్ మాస్టర్ అని ఇళ్ళల్లో ఉండేవి గుర్తుందా, అట్లాంటివి చాలావరకు నింటెండో వాళ్ళ మెషిన్ కి కాపీలే. జపాన్లో 1983లో ఫామికామ్ అని వచ్చింది, అదే అమెరికాలో 1985లో ఎన్ఈఎస్ అయింది. అమెరికాలో ఆ ఎన్ఈఎస్ కి లైసెన్స్ తో వచ్చిన ఆటలు అన్నీ కలిపినా 700 లోపే. మరి మన క్యాసెట్ల మీద 9999999 ఇన్ 1 అని ఎట్లా రాసేవాళ్ళంటే మారియో ఒకటో స్టేజీ నుంచి ఒకటి, మూడో స్టేజీ నుంచి ఒకటి, రంగు మార్చి ఇంకొకటి, ట్యాంకుల ఆటకి కొత్త పేరు పెట్టి మరొకటి, ఇట్లా లెక్క పెంచుకుంటూ పోయేవాళ్ళు. ఇప్పుడు హెచ్‌డీఎంఐ స్టిక్కుల్లో (టీవీ వెనక తగిలించే చిన్న డబ్బాలు) చేసేది కూడా దాదాపు ఇదే. కాకపోతే ఐదారు రకాల పాత మెషిన్ల ఆటలు కలిపేస్తారు, ఒకే ఆట జపాన్ వెర్షన్, అమెరికా వెర్షన్, యూరప్ వెర్షన్ మూడూ వేరేవేరేగా లెక్కేస్తారు.

దానికి పక్కనే కంపెనీ వాళ్ళు సొంతంగా తీసిన మినీలు, అంటే తమ పాత మెషిన్లకి చిన్న సైజు కొత్త రూపాలు, చూడండి. నింటెండో 2016లో ఎన్ఈఎస్ క్లాసిక్ తెచ్చింది, అందులో 30 ఆటలు. 2017లో సూపర్ ఎన్ఈఎస్ క్లాసిక్, 21 ఆటలు. సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ 2018లో, 20. సెగా మెగా డ్రైవ్ మినీ 2019లో, 42. అంత తక్కువేంటి అనిపిస్తుంది గానీ నిజం చెప్పాలంటే ఆ ఇరవై ముప్పైలోనే మనం మళ్ళీమళ్ళీ ఆడేవి ఓ ఏడెనిమిది ఉంటాయి అంతే.

నా కొలత ఒక్కటే. కొన్న రోజు రాత్రి ఇంట్లో అందరూ ఆడతారు, అది లెక్కలోకి రాదు. రెండో వారం ఎవరైనా దాన్ని అల్మరాలోంచి తీసి టీవీకి పెట్టారా లేదా, అదీ లెక్క. అట్లా తీయకపోవడానికి ఆటలు బాలేకపోవడం కారణం కాదు చాలాసార్లు, వైరు పట్టదు, నొక్కింది లేటుగా పడుతుంది, రిమోట్ (చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్) మొరాయిస్తుంది, నిన్న ఆడింది సేవ్ అవ్వలేదు, ఇట్లాంటి చిల్లర విషయాలే చంపేస్తాయి. కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ చిల్లర విషయాల గురించే.

చెన్నైలో మనకి దొరికేవి

ఓఎమ్మార్ వైపు రూముల్లో ఉండే మనోళ్ళు ఎక్కువగా అడిగేది ఎలక్ట్రానిక్స్ షాపుల వీధి రిచీ స్ట్రీట్ లో ఏం దొరుకుతుంది అని. చింతాద్రిపేట స్టేషన్ లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. అక్కడ దొరికేది మూడు రకాలు. ఒకటి పసుపు ఎరుపు తెలుపు వైర్లతో వచ్చే పాత టైపు టీవీ గేమ్, వెయ్యి లోపే ఉంటది. రెండోది చేతిలో పట్టుకుని ఆడే చిన్న డబ్బా, సప్ 400 ఇన్ 1 అని ఎర్రగా నల్లగా ఉంటుంది చూడండి, అదీ చవకే, టీవీకి కూడా వైరు తగిలించొచ్చు. మూడోది హెచ్‌డీఎంఐ స్టిక్, రెండు వైర్లెస్ రిమోట్లతో, రెండు మూడు వేలు ఆ చుట్టుపక్కల చెప్తారు, బేరం మీ ఓపిక. బర్మా బజార్ లో కూడా ఇవే ఉంటాయి. అక్కడ బిల్లు గిల్లు ఏమీ ఉండదు కాబట్టి రేపు తిప్పి ఇవ్వాలంటే ముఖం గుర్తుపట్టడం తప్ప వేరే ఆధారం లేదు.

ఇక కంపెనీ మినీలు. వీటిని నింటెండో మన దేశంలో అఫీషియల్ గా అమ్మలేదు, ఎవరో తెప్పించి అమ్మేవే, అమెరికాలో 60 డాలర్లకి వచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ కి ఇక్కడ ఎంత చెప్పినా అడిగేవాడు లేడు, పైగా తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి నకిలీలు కూడా తిరుగుతున్నాయి. డబ్బా, బొమ్మ, రిమోట్ అచ్చం అట్లాగే ఉంటాయి. అసలు దానికి వెనక హెచ్‌డీఎంఐ ఉంటుంది, నకిలీ చాలావాటికి వెనక్కి తిప్పితే పసుపు తెలుపు ఏవీ పిన్నులు కనిపిస్తాయి, లోపల 620 ఆటలు అని మెనూ వస్తుంది. 30 ఆటల మెషిన్లో 620 కనిపించాయంటే సంతోషపడాల్సింది ఏమీ లేదు అక్కడ.

అటారీ 2600 ప్లస్ అని 2023లో వచ్చింది, పాత అటారీ క్యాసెట్లు కూడా పెట్టుకోవచ్చు, మంచి వస్తువే గానీ అటారీ మన ఇళ్ళకి పెద్దగా రాలేదు, ఆ ఆటలతో మనకి చిన్ననాటి బంధం ఏమీ లేదు కాబట్టి దాని గురించి ఇక్కడ ఆపేస్తా.

మీ టీవీ వెనక ఏముందో ఫొటో తీసుకుని వెళ్ళండి

ఇది నవ్వులాటకి చెప్పట్లేదు. షాపుకి పోయే ముందు టీవీని కాస్త ముందుకి జరిపి వెనక ఉన్న పోర్టులన్నీ ఫోన్లో ఫొటో తీయండి. ఇప్పుడొచ్చే స్మార్ట్ టీవీల్లో చాలావాటికి మూడు రంగుల పిన్నులు ఉండవు, ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి చిన్న ఏవీ రంధ్రం ఒకటి ఉంటది, దానికి వేరే కేబుల్ కావాలి. కొన్నిట్లో అదీ ఉండదు. అప్పుడు షాపువాడు ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ అని ఓ చిన్న తెల్ల డబ్బా అంటగడతాడు. అది పని చేస్తుంది, చేయదని కాదు, కాకపోతే బొమ్మని సాగదీస్తుంది, పైగా అసలే లేటుగా పడే బటన్ ఇంకాస్త లేటు అవుతుంది. కాబట్టి టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే పాత టైపు టీవీ గేమ్ జోలికి పోకుండా ఇంకాస్త వేసుకుని స్టిక్ కొనుక్కోవడమే మేలు. అదే ఊళ్ళో అమ్మావాళ్ళింట్లో పాత డబ్బా టీవీ ఇంకా బతికి ఉంటే మాత్రం సీన్ మొత్తం మారిపోతుంది, ఆ చవక టీవీ గేమ్ దాని మీద ఆడినంత బాగా వేరే దేని మీదా ఆడదు.

అది ఎందుకో చెప్పాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారానికి గుండెకాయ ఇక్కడే ఉంది. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు గీత గీతగా తెర మీద గీసేస్తుంది, మధ్యలో ఆలోచించేది ఏమీ లేదు. ఇప్పటి ఫ్లాట్ టీవీ ముందు బొమ్మ మొత్తం తీసుకుని, పెద్దది చేసి, రంగులు దిద్ది, మెత్తగా చేసి అప్పుడు చూపిస్తుంది. సినిమాకి ఆ లేటు తెలీదు, బొమ్మతో పాటు సౌండ్ కూడా లేటు చేసి సర్దేస్తారు. ఆటలో మాత్రం మీరు నొక్కాక మారియో ఎగరాలి కదా, సిగ్నల్ సరిగ్గా లేని ఫోన్లో మనం హలో అన్నాక కాసేపటికి అవతలి హలో వచ్చినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఈ ఆటలు సెకనుకి 60 బొమ్మల లెక్కన నడుస్తాయి, అంటే ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లు, నాలుగైదు బొమ్మలు లేటైనా గుంతలో పడతారు, పడి మన చేతికి వయసైపోయింది అనుకుంటారు.

దీనికి మందు టీవీలోనే ఉంది, సెట్టింగ్స్ లో పిక్చర్ మోడ్ కి వెళ్ళి గేమ్ మోడ్ పెట్టండి, ఆ దిద్దుళ్ళు చాలావరకు ఆగిపోతాయి. కొన్ని టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడివిడిగా పెట్టాలి, కాబట్టి గేమ్ తగిలించిన పోర్టులో ఉండగానే పెట్టండి. ఎంత లేటు ఉందో కొలవాలని ఉందా, ఫోన్లో స్లో మోషన్ 240 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 240 ఫ్రేములు) పెట్టి మీ బొటనవేలు, టీవీ రెండూ కనిపించేలా వీడియో తీయండి, తర్వాత నెమ్మదిగా జరుపుతూ వేలు బటన్ నొక్కిన దగ్గర నుంచి మారియో కాలు లేచేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి, ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. 25 ఫ్రేములు దాటితే అంటే 100 మిల్లీసెకన్ల పైన ఉంటే ఎగిరే ఆటలకి నా దృష్టిలో అది పనికిరాదు, ట్యాంకుల ఆటకి పర్లేదు. గేమ్ మోడ్ పెట్టినా అట్లాగే ఉంటే లేటు మెషిన్ దే అయ్యుండొచ్చు.

4కే అని రాసుంటారు స్టిక్కు మీద. ఎన్ఈఎస్ ఆట అసలు బొమ్మ 256 బై 240 చుక్కలు, సూపర్ ఎన్ఈఎస్ మామూలుగా 256 బై 224, మెగా డ్రైవ్ 320 బై 224. దాన్ని ఎంత సాగదీసినా లోపల ఉన్న చుక్కలు అవే. నిజానికి 240ని మూడుతో గుణిస్తే సరిగ్గా 720 వస్తుంది, చుక్కలన్నీ ఒకే సైజులో నీటుగా పడతాయి, 1080కి అయితే నాలుగున్నర రెట్లు అవుతుంది, కొన్ని చుక్కలు లావు కొన్ని సన్నం, స్క్రీన్ పక్కకి జరిగేటప్పుడు మెరుస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకని 4కే అన్న ముక్కకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. దాని బదులు మెనూలో స్క్రీన్ సైజు 4:3 పెట్టుకునే వీలుందా అని అడగండి, లేకపోతే టీవీ రిమోట్ తో అయినా మార్చగలగాలి. మారియో పొట్టిగా లావుగా కనిపిస్తున్నాడంటే బొమ్మ 16:9కి సాగిందన్నమాట.

ఇక గన్ను. బాతుల ఆట కోసం చాలామంది గన్నుతో వచ్చే సెట్టు అడుగుతారు, పిల్లలకి చూపించాలని. ఫ్లాట్ టీవీ ఉంటే అస్సలు తీసుకోకండి. ఆ గన్ను ఎట్లా పని చేస్తుందంటే ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం పాటు నల్లగా అయ్యి బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది, గన్ను లోపల ఉన్న కన్ను ఆ వెలుతురుని సరిగ్గా ఆ క్షణంలోనే చూడాలి. అది డబ్బా టీవీ వేగానికి లెక్క కట్టిన పని. ఫ్లాట్ టీవీలో ఆ వెలుతురు లేటుగా వస్తుంది, గన్ను అప్పటికే చూసేసి ఏమీ లేదనుకుంటుంది, మీరు తెరకి ఆనించి కాల్చినా బాతు పడదు, కుక్క మాత్రం నవ్వుతుంది.

రిమోట్ చేతికి తీసుకుని చూడాల్సినవి

షాపువాడు ఏ ఆట అడిగినా ఎల్లామే ఓడుం సార్ అంటాడు, అంటే అన్నీ ఆడతాయని. సరే అని తల ఊపకుండా టెస్ట్ పణ్ణి కాట్టుంగ, అంటే టెస్ట్ చేసి చూపించండి అని అడగండి, రిచీ స్ట్రీట్ లో చాలా షాపుల్లో ఓ చిన్న టీవీ పెట్టుకునే ఉంటారు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. పది నిమిషాలు దొరికితే చాలు.

కాంట్రా పెట్టమనండి. మొదటి తెర మీద పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ, ఆ తర్వాత స్టార్ట్. 30 లైఫులు వచ్చాయంటే నాలుగు దిక్కులూ రెండు బటన్లూ స్టార్టూ అన్నీ ఒక్క దెబ్బకి టెస్ట్ అయిపోయినట్టే, ఇంతకన్నా మంచి టెస్టు ఎవడూ కనిపెట్టలేదు. కొన్ని కాపీల్లో లైఫులు ముందే పెంచి పెడతారు కాబట్టి ఒకసారి కోడ్ లేకుండా కూడా మొదలుపెట్టి తేడా చూడండి. ఆట మొదలయ్యాక కుడి, పైన కలిపి ఏటవాలుగా నొక్కి పట్టుకుని కాలుస్తూ నడవండి, తూటాలు ఏటవాలుగానే వెళ్ళాలి, మధ్యలో నిటారుగా పైకో అడ్డంగానో మారిపోతుంటే ఆ దిక్కుల బటన్ కింద రబ్బరు బాలేదు. చవక రిమోట్లలో ఎక్కువగా పోయేది ఇదే. దీని వల్లే కాంట్రా కష్టం అనుకుని వదిలేస్తారు జనం.

తర్వాత మారియో. బి నొక్కి పట్టుకునే ఉండి పరిగెత్తుతూ అదే బొటనవేలి కింది భాగంతో ఎ నొక్కి ఎగరాలి. చిన్నప్పుడు తెలీకుండానే చేసేవాళ్ళం. రెండు బటన్ల మధ్య ఎడం మరీ ఎక్కువున్నా, బటన్లు మరీ ఎత్తుగా ఉన్నా ఈ పని రాదు. వేరే కొత్త రిమోట్ల ఆకారంలో నాలుగు బటన్లు ఉన్న స్టిక్కుల్లో ఎ, బి ఏ బటన్లకి పెట్టాడో చూడండి, మార్చుకునే ఆప్షన్ మెనూలో ఉంటే ఆ స్టిక్కుకి నా తరఫున ఓ మార్కు ఎక్కువ.

వైర్లెస్ అయితే రెండు రిమోట్లూ ఒకేసారి ఆన్ చేసి ఇద్దరూ ఆడి చూడాలి, ఒకటే టెస్ట్ చేసి ఊరుకోవద్దు. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేవే, అదే గాల్లో మీ వైఫై, బ్లూటూత్ కూడా ఉంటాయి. రిసీవర్ టీవీ వెనక ఇరుక్కుని ఉంటే సిగ్నల్ మధ్యలో పోతుంది, అందుకే స్టిక్కుతో పాటు చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వైరు ఇచ్చారా చూడండి, ఇస్తే వాడండి. చాలావాటికి సన్న సెల్లులు వేయాలి, ఎవడూ చార్జింగ్ సెల్లులు ఇవ్వడు, అది వేరే ఖర్చు.

వైరున్న రిమోట్ అయితే పొడవు చూడండి. నింటెండో వాడంతటి వాడే ఎన్ఈఎస్ క్లాసిక్ కి 76 సెంటీమీటర్ల వైరు ఇచ్చాడు, అంటే మీటరు కూడా లేదు, టీవీ ముందు నేల మీద కూర్చుని మెడ ఎత్తి ఆడాలి. మరుసటి ఏడు సూపర్ ఎన్ఈఎస్ క్లాసిక్ కి దాదాపు ఐదు అడుగులు చేశాడు. పాత టైపు టీవీ గేమ్ లో ఒక మంచి విషయం ఏంటంటే చాలావాటికి 9 పిన్నుల ప్లగ్ ఉంటుంది, రిమోట్ పోతే ఇంకోటి వంద రెండొందల్లో తెచ్చి పెట్టేయొచ్చు. ప్లగ్ లేకుండా వైరు డబ్బాలోకే పోయే మోడల్ అయితే రిమోట్ పోయిన రోజే డబ్బా కూడా పోయినట్టు.

చెవితో కూడా వినండి

జనం సౌండ్ అస్సలు పట్టించుకోరు, కానీ పాత ఆటల్లో సగం జ్ఞాపకం ఆ మ్యూజిక్కే. చవక కాపీ చిప్పుల్లో చాలావాటికి ఒక పాత రోగం ఉంది, స్వరం మందాన్ని నిర్ణయించే రెండు సెట్టింగులు ఒకదానికి ఒకటి తారుమారు అయి ఉంటాయి, అందుకని పాట అదే కానీ గొంతు వేరే అనిపిస్తుంది. ఇక్కడో తమాషా ఉంది, మనం పెరిగిందే ఆ కాపీ డబ్బాల మీద కాబట్టి అసలు నింటెండో సౌండ్ విన్నప్పుడే మనలో కొందరికి ఏదో తేడా కొట్టింది. సో ఏది సరైనది అని గొడవ పడను. కానీ స్టిక్కుల్లో సెగా ఆటల సౌండ్ పగిలినట్టు, గరగరమని వస్తే మాత్రం లోపల ప్రాసెసర్ కి దమ్ము లేదని అర్థం. సోనిక్ పెట్టి రెండు నిమిషాలు పరిగెత్తించండి, మ్యూజిక్ నత్తినత్తిగా వస్తే ప్లేస్టేషన్ ఆటల సంగతి ఇక అడగక్కర్లేదు, ఆ డబ్బాని 8 బిట్ (ఎన్ఈఎస్ కాలం నాటి) ఆటలకే వాడుకోవాలి అనుకుని ఆ రేటుకి తగ్గట్టు బేరం చేయండి.

స్పీడ్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. మన దేశంలో పాత టీవీలు పాల్ పద్ధతి, సెకనుకి 50, అమెరికా జపాన్ వాళ్ళది 60. 60కి చేసిన ఆటని అట్లాగే 50 మీద నడిపితే నెమ్మదిస్తుంది, పాట కూడా సాగుతుంది. సోనీ లాంటి కంపెనీ కూడా ప్లేస్టేషన్ క్లాసిక్ లో 20 ఆటల్లో 9 ఆటలకి యూరప్ 50 వెర్షన్లే పెట్టింది, టెక్కెన్ 3 కూడా అందులోనే ఉంది, జనం తిట్టిపోశారు, 100 డాలర్ల మెషిన్ కొన్నాళ్ళకే 40కి పడిపోయింది. లోపల వాడింది ఎవరైనా ఫ్రీగా దింపుకోగల ఓపెన్ సోర్స్ ఎమ్యులేటరే, అంటే పాత మెషిన్ లా నటించే సాఫ్ట్‌వేరే. పైగా రిమోట్ కి అనలాగ్ స్టిక్కులు కూడా లేవు. పేరు పెద్దదైనంత మాత్రాన సరిపోదని దాన్ని చూసి తెలుసుకోవచ్చు. అటు సెగా మినీని మాత్రం ఎమ్-2 అనే జపాన్ టీం చేతికి ఇచ్చారు, పాత ఆటల్ని జాగ్రత్తగా కొత్త మెషిన్ల మీదకి తేవడమే వాళ్ళ పని, ఆ శ్రద్ధ ఆడుతుంటే తెలుస్తుంది. బడ్జెట్ ఉండి, విదేశం నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోడానికి నా ఓటు దానికే. లేదా సూపర్ ఎన్ఈఎస్ క్లాసిక్, అందులో స్టార్ ఫాక్స్ 2 ఉంది, తొంభైల మధ్యలో తయారైపోయి కూడా అమ్మకుండా ఆపేసిన ఆట, ఈ మినీలోనే మొదటిసారి బయటికి వచ్చింది.

సేవ్, మెమరీ కార్డ్, చార్జర్

పాత టైపు డబ్బాలో సేవ్ ఉండదు, కరెంటు పోతే మొదటి నుంచే. స్టిక్కుల్లో, మినీల్లో ఆట మధ్యలో ఎక్కడైనా ఆపి సేవ్ చేసుకోవచ్చు, షాపులోనే ఒకసారి సేవ్ చేసి, ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టి చూడండి. కొన్ని స్టిక్కుల్లో సేవ్ అయినట్టే చూపిస్తుంది కానీ మళ్ళీ ఆన్ చేస్తే ఉండదు. పిల్లల కోసం అయితే ఇది మరీ ముఖ్యం, ఆ ఆటలు భలే కఠినం, ఫోన్ ఆటలకి అలవాటు పడ్డ పిల్లలు మూడుసార్లు చచ్చి మొదటి నుంచి ఆడమంటే రిమోట్ మన చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. సూపర్ ఎన్ఈఎస్ క్లాసిక్ లో సేవ్ చేసిన చోట నుంచి కాస్త వెనక్కి తిప్పుకునే రివైండ్ కూడా ఉంది, అది నిజంగా పనికొచ్చే ఐడియా.

స్టిక్కుల్లో మొదట పోయేది ఏంటంటే మెమరీ కార్డ్. పేరు లేని కార్డు వేసి పంపిస్తారు, కొన్నాళ్ళకి మెనూ రాదు, నల్ల తెర. ఇంటికి తెచ్చిన రోజే కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి మొత్తం కార్డుని ఒకే ఇమేజ్ ఫైల్ గా (కార్డుకి అచ్చు నకలు, ఫొటో కాదు) దాచుకోండి, ఊరికే ఫైళ్ళు కాపీ చేస్తే కొన్నిటికి పని చేయదు. తర్వాత మంచి కంపెనీ కార్డు ఒకటి కొని ఆ ఇమేజ్ దాని మీదకి ఎక్కించి అదే వాడండి, పాతది డ్రాయర్లో పడేయండి. కార్డు తీయడానికి వీల్లేని మోడల్ అయితే నేనైతే కొనను.

ఈ కార్డుల్లో ఉన్న ఆటలకి లైసెన్స్ ఉందా అంటే లేదు, వేల ఆటలు రెండు వేలకి ఎవడిస్తాడు చెప్పండి. కొన్నిట్లో వాడే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ కూడా అమ్మకానికి వాడకూడదు అని దాన్ని రాసినవాళ్ళే షరతు పెట్టినది. ఇది తెలిసి కొనండి. పక్కాగా లైసెన్స్ తో కావాలంటే మినీలు, లేదా ఎవర్‌కేడ్ అని ఒకటుంది, క్యాసెట్లు పెట్టుకునే పద్ధతి, అన్నీ లైసెన్స్ తీసుకున్న ఆటలే, ఇక్కడ షాపుల్లో పెద్దగా కనిపించదు.

కరెంటు గురించి ఒక్క ముక్క. స్టిక్కులకి 5 వోల్టుల యూఎస్‌బీ చాలు, కానీ టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి ఇస్తే కొన్ని టీవీలు అర ఆంపియరే ఇస్తాయి, ఆట మధ్యలో దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే కారణం అదే, ఫోన్ చార్జర్ పెట్టండి సరిపోతుంది. పాత టైపు డబ్బాతో వచ్చే అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు లేకపోతే దాన్ని వాడకుండా వేరేది కొనండి. కొనేటప్పుడు డబ్బా అడుగున ఎన్ని వోల్టులు రాసుందో, పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో ఆ బొమ్మ చూసుకుని అదే తీసుకోండి, పిన్ను దూరింది కదా అని ఏదో ఒకటి పెడితే డబ్బా అక్కడికక్కడే పోతుంది. చేతి డబ్బాల్లో పాత నోకియా సైజు బ్యాటరీ ఉంటుంది, ఉబ్బినట్టు కనిపిస్తే తీసి పారేసి మంచిది కొని వేయండి, పిల్లలు తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు దాన్ని.

ఇంట్లో ఇద్దరు ఆడేవాళ్ళుంటేనే రెండు రిమోట్ల సెట్టు తీసుకోండి, ఇద్దరుంటే మాత్రం ఒంటరిగా ఆడేవి వదిలేసి కాంట్రా, ట్యాంకుల ఆట, ఐస్ క్లైంబర్ ఈ మూడింటితో మొదలుపెట్టండి. ట్యాంకుల ఆటలో ఇద్దరూ కలిసి గద్దని కాపాడాలి, ఎవడో ఒకడు పొరపాటున సొంత గద్దనే పేలుస్తాడు, ఇక ఆ రాత్రి గొడవ చూడండి. మా వైపు, గూడూరులో, దీని మీద మాటలు మానేసిన అన్నదమ్ములు ఉన్నారు, అతిశయోక్తి కాదు.

మీకు కంప్యూటర్ పని కొంచెం వచ్చి, ఓపిక కూడా ఉంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డు (ఓ చిన్న కంప్యూటర్) ఒకటి కొని దాంట్లో పాత ఆటలు ఆడించే రెట్రోపై గానీ బటోసెరా గానీ ఎక్కించి మంచి యూఎస్‌బీ రిమోట్లు రెండు తగిలిస్తే ఈ స్టిక్కులన్నిటికన్నా బాగుంటుంది. ఖర్చు ఎక్కువ, శనివారం మొత్తం పోతుంది. ఊళ్ళో నాన్నకో బావకో ఇవ్వడానికైతే వద్దు, ఏదైనా అయితే ఫోన్లో మీరే చెప్పుకోవాలి.

ఆన్‌లైన్లో తెప్పిస్తే కవర్ చించే దగ్గర నుంచి వీడియో తీయండి, ఒక రిమోట్ పని చేయకపోయినా, కార్డు లేకపోయినా అదొక్కటే సాక్ష్యం. రిటర్న్ ఎన్ని రోజులో ముందే చూసుకోండి. రిటర్న్ లేదు, రీప్లేస్‌మెంట్ మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసుంటారు చాలావాటికి. రిచీ స్ట్రీట్ లో అయితే చెకింగ్ వారంటీ అంటారు, అంటే షాపు గుమ్మం దాటేదాకా అన్నమాట. కనీసం వారం రోజులు మార్చి ఇస్తానని బిల్లు వెనక పెన్నుతో రాయించుకుని స్టాంపు వేయించుకోండి, రాయనంటే పక్క షాపులో అదే డబ్బా ఉంటది. ఆ వారంలోనే రోజుకి గంటైనా రెండు రిమోట్లూ ఆడించండి, మెషిన్ని గంటసేపు ఆపకుండా నడిపి చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే వారం అయ్యేలోపే పట్టుకెళ్ళి మార్చేయండి.